ఓడెక్కినోళ్ల పాటలు

కిందటి వేసవిలో విజయనగరం జిల్లాలో ఒక ఊళ్లో సంఘం సభ్యత్వాలు రాయించి, చీకటి పడ్డాక రామాలయం అరుగు మీద కూర్చున్నాం. ఉపాధి పనికి పోయి వచ్చిన ఆడకూలీలు పది పన్నెండు మంది, నలుగురు ముసలివాళ్లు, మేమిద్దరం. నాతో వచ్చిన కుర్ర కామ్రేడు కాలేజీలో చదువుతున్నాడు. అతనికి పాటలంటే పిచ్చి. ఫోనులో ఒక పాట పెట్టాడు. డప్పు లేదు, హార్మోనియం లేదు. ఒక మగగొంతు ఒంటరిగా సాగదీసి పాడుతోంది. భాష ఇంగ్లీషు. అక్కడున్న వాళ్లెవరికీ ఒక్క ముక్క తెలియదు. నేను చదివింది ఏడో తరగతి, నాకూ తెలియలేదు.

పాట అయిపోయాక ఎనభై దాటిన మామ్మ ఒకావిడ అడిగింది: "ఇది రంగమెల్లిపోనోల పాటేటి బాబూ?"

రంగం అంటే రంగూన్. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవాళ్లు ఆ ఊరిని ఇప్పటికీ అలాగే పిలుస్తారు. మామ్మ పెదనాన్న ఆవిడ పుట్టకముందే మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని రంగం ఓడెక్కాడట. 1942లో జపాను సైన్యం బర్మాలో దిగినప్పుడు అడవుల్లో పడి నడిచొచ్చిన వాళ్లలో ఆయన లేడు. వాళ్ల నాయనమ్మ వరినాట్లప్పుడు ఆ కొడుకు మీద పాట పాడేదట. మామ్మకు ఇప్పుడు అందులో సగమే గుర్తుంది.

"కాదు మామ్మా. ఇది ఐర్లండు దేశపోళ్ల పాట. వాళ్లు అమెరికా వెళ్లారు" అన్నాడు కుర్రాడు.

"ఎక్కడికెల్తేనేటి? ఓడెక్కినోలే కదా" అంది మామ్మ.

ఆ మాట నన్ను వదలలేదు. భాష తెలియని మనిషికి పాట వినగానే అది ఏ బాధలోంచి పుట్టిందో ఎలా తెలిసింది? అప్పట్నుంచి ఆ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని ఆ పాటల అర్థాలు చెప్పించుకున్నాను, వాటి వెనకున్న చరిత్ర చదివించుకున్నాను. తెలుసుకున్నది కూలీ అన్నలకు, అక్కలకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

తెగులు దుంపకు, చావు కూలికి

ఐర్లండు ఇంగ్లండు పక్కనున్న చిన్న దీవి. ఇంగ్లీషువాడు మనకంటే వందల ఏళ్ల ముందే దాన్ని పట్టుకున్నాడు. పందొమ్మిదో శతాబ్దం నాటికి భూమిలో ఎక్కువ భాగం జమీందార్ల చేతిలో ఉంది. వాళ్లలో చాలామంది లండన్‌లో కూర్చుని ఏజెంట్ల చేత శిస్తు వసూలు చేయించేవారు. వాళ్ల కింద పెద్ద కౌలుదారు, అతని కింద చిన్న కౌలుదారు, అందరికంటే అడుగున కూలివాడు. ఈ కూలివాడికి రైతు ఒక గుడిసె, దుంప వేసుకోడానికి కాస్త చెక్క ఇచ్చేవాడు. దానికి కిరాయి డబ్బు కాదు, ఒంటి చాకిరీ. గోధుమ, ఓట్లు, వెన్న, పశువులు, అన్నీ శిస్తు కింద, అమ్మకం కింద పోయేవి. కూలివాడి కడుపుకు మిగిలింది బంగాళాదుంప ఒక్కటే. దాదాపు 30 లక్షల మంది దాని మీదే బతికేవారు.

1845లో దుంపకు తెగులు తగిలింది. చెట్టు నల్లబడి, భూమిలోని దుంప కుళ్లి కంపు కొట్టింది. 1846లో పంట దాదాపు పూర్తిగా పోయింది. 1847ను ఐరిష్ జనం 'నల్ల నలభయ్యేడు' అంటారు. 1852 దాకా ఆ కరువు సాగింది. సుమారు 10 లక్షల మంది ఆకలితో, జ్వరాలతో చచ్చిపోయారు. 1841 జనాభా లెక్కల్లో దాదాపు 82 లక్షలున్న దేశం 1851 నాటికి 65 లక్షలకు పడిపోయింది.

తెగులు ప్రకృతి తెచ్చిందే. ఆ ఏళ్లలో అదే తెగులు యూరపులో ఇతర దేశాల్లో కూడా వచ్చింది, అక్కడ ఇన్ని లక్షల మంది చావలేదు. ఐర్లండులో చావు తెచ్చినవాళ్లు వేరు. జనం రాలిపోతుంటే ధాన్యం, పశువులు, వెన్న ఓడలకెక్కి ఇంగ్లండు పోతూనే ఉన్నాయి. బయటి నుంచి మొక్కజొన్న వచ్చింది, కానీ కొనడానికి కూలివాడి చేతిలో కాసు లేదు. సర్కారు కరువు పనులు పెట్టింది, రోడ్లు వేయించింది, తర్వాత అవీ మూసేసింది. 1847లో ఒక చట్టం తెచ్చారు: పావు ఎకరం, అంటే మన పాతిక సెంట్లకు మించి భూమి ఉన్నవాడికి సాయం అందదు. కూడు కావాలంటే భూమి వదులుకోవాలి. భూమి వదులుకున్న మరుక్షణం జమీందారు మనుషులు వచ్చి ఇల్లు పడగొట్టేవారు. పేదల పోషణకు పన్ను కట్టాల్సింది జమీందారే గనక, పేదలే లేకుండా చేసుకుంటే పన్ను మిగులుతుందని వాళ్ల లెక్క.

రాస్‌కామన్ జిల్లాలోని స్ట్రోక్స్‌టౌన్ జమీందారీలో ఏజెంటు కాగితం మీద లెక్క వేశాడు: మనిషిని పేదల ఆశ్రమంలో ఏడాది పోషించే ఖర్చు కంటే కెనడా ఓడ టికెట్టు చవక. అంతే, 1847లో 1,490 మందిని డబ్లిన్ దాకా నడిపించి ఓడలెక్కించారు. ఆ ఓడలను జనం శవపేటికల ఓడలన్నారు. దారిలో జ్వరాలతో చచ్చిన వాళ్లను సముద్రంలోకి తోసేశారు. కెనడాలో గ్రోస్ ఈల్ అనే చిన్న దీవిలో, ఓడ దిగినవాళ్లను ఆపి జ్వరాలు చూసే చోట, ఆ ఒక్క ఏడాదే 5,000 మందికి పైగా పాతిపెట్టారు. 1845 నుంచి 1855 లోపల దేశం వదిలినవాళ్లు 20 లక్షల దాకా ఉంటారు.

మనం వింటున్న పాటల్లో చాలావాటికి పునాది ఇది. కరువు ముందూ వలసలున్నాయి, కరువు పోయాక వందేళ్లు వలసలు సాగాయి. కానీ ఆ పదేళ్ల గాయం ప్రతి పాటలోనూ ఎక్కడో తగులుతుంది.

బతికున్నవాడికి జాగారం

ఐర్లండులో మనిషి చనిపోతే శవం చుట్టూ రాత్రంతా జాగారం చేస్తారు. ఆడవాళ్లు శోకాలు పెడతారు, ముసలివాళ్లు కథలు చెబుతారు. అమెరికా పోయేవాడికి కూడా అదే చేసేవారు. దాని పేరే అమెరికా జాగారం. రేపు పొద్దున్న కొడుకో కూతురో వెళ్లిపోతుందంటే, ఈ రాత్రి ఊరంతా ఆ ఇంట్లో చేరేది. ఆట ఉండేది, పాట ఉండేది, మధ్యలో తల్లి గొంతెత్తి శోకం పెట్టేది. పోయేవాడు బతికే ఉన్నాడు, ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అయినా మళ్లీ చూడమని అందరికీ తెలుసు. ఆవిరి ఓడలు వచ్చాక ప్రయాణం పది రోజులకు తగ్గింది గానీ, తిరుగు టికెట్టు కొనే స్థోమత ఎంతమందికుంది?

తెల్లారాక కొంత దూరం సాగనంపేవారు. డొనెగాల్ జిల్లాలో ఫాల్కరా దగ్గర కొండల మధ్య ఒక చిన్న రాతి వంతెన ఉంది. దానికి కన్నీళ్ల వంతెన అని పేరు. ఇంటివాళ్లు అక్కడిదాకా వచ్చి ఆగిపోయేవారు. పోయేవాళ్లు వంతెన దాటి డెర్రీ రేవుకు నడక సాగించేవారు. వీడ్కోలు పాటలు చాలావరకు ఇలాంటి చోట్ల, ఇలాంటి పొద్దుల్లో పుట్టినవే. మన రైల్వే స్టేషన్లలో మూటలతో నిలబడ్డ తల్లుల ముఖాలు చూసినవాళ్లకు నేను ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

ఇంకో సంగతి. పందొమ్మిదో శతాబ్దం చివరికి వలస పోయినవాళ్లలో సగం మంది ఆడపిల్లలు. పెళ్లి కాని పిల్లలు ఒంటరిగా ఓడెక్కి, న్యూయార్కు, బోస్టన్ నగరాల్లో ఇళ్లల్లో పనిమనుషులుగా చేరారు. వాళ్లు పంపిన డబ్బుతో ఇక్కడ ముసలివాళ్లు శిస్తు కట్టారు. వాళ్లు పంపిన టికెట్టు మీద చెల్లెలు, తర్వాత తమ్ముడు వెళ్లారు. అయినా పాటల్లో పోయేవాడు ఎక్కువగా మగవాడే, ఆడది రేవులో నిలబడి ఏడ్చే పిల్లో తల్లో. చెమట ఓడ్చి ఇల్లు నిలబెట్టిన పిల్ల గురించి పాటలు తక్కువ. పాట కట్టేవాళ్లకూ ఆ లోపం ఉంది. మన పాటల్లోనూ ఉంది, ఒప్పుకోవాలి.

పాట ఎలా తిరిగింది, ఎలా విన్నారు

ఈ పాటలు పెద్ద కవులు రాసినవి తక్కువ. సంతల్లో, జాతరల్లో ఒకవైపు అచ్చేసిన చిల్లర కాగితాల మీద అమ్మేవారు. గాయకుడు సంత మధ్య నిలబడి పాడతాడు, విన్నవాడు అర్ధణా పారేసి కాగితం కొనుక్కుంటాడు. చదువు రానివాడు కూడా కొంటాడు, ఇంటి దగ్గర ఎవరిచేతో చదివించుకుంటాడు. మన బుర్రకథ పుస్తకాలు తిరునాళ్లలో అమ్మినట్టే. సర్కారుకు వ్యతిరేకంగా పాడారని ఈ సంత గాయకుల్ని పోలీసులు పట్టుకుపోయి కేసులు పెట్టిన సందర్భాలున్నాయి. పాటంటే పాలకుడికి ఎప్పుడూ భయమే.

పల్లెల్లో పాత పద్ధతిలో పాడేవాళ్లు వాయిద్యం లేకుండా పాడతారు. కొందరు కళ్లు మూసుకుంటారు. విన్నవాళ్లలో ఒకరు పాడేవాడి చెయ్యి పట్టుకుని, పాట సాగినంతసేపూ మెల్లగా తిప్పుతుంటారు. ఇంతమంది బరువు నువ్వొక్కడివే మోయొద్దు అన్నట్టు ఉంటుంది ఆ చెయ్యి. పాట చివరికొచ్చేసరికి ఆఖరి మాటల్ని రాగం తియ్యకుండా మామూలు మాటల్లా చెప్పేస్తారు. కల నుంచి నేల మీదికి దింపినట్టు. కుర్రాడు వినిపించిన పాట కూడా అలాగే ముగిసింది. మామ్మ ఆ క్షణాన్నే తల ఎత్తిందని నాకిప్పుడు గుర్తొస్తోంది.

కరువులో ఎక్కువగా చచ్చిందీ, ఎక్కువగా వలసపోయిందీ పడమటి జిల్లాల పేదలు. ఐరిష్ భాష మాట్లాడేది కూడా ఎక్కువగా వాళ్లే. అమెరికాలో బతకాలంటే ఇంగ్లీషు రావాలని తల్లిదండ్రులు పిల్లలకు ఇంగ్లీషే నేర్పించారు. అలా పాటలు కూడా ఇంగ్లీషులోకి మారాయి. రాగం పాతది, మాట దొరలది. సొంత భాష పోయిన దుఃఖాన్ని దొర భాషలోనే పాడుకోవలసి రావడం ఎంత కష్టమో ఊహించండి.

మూడు పాటలు

మొదటిది స్కిబ్బరీన్. కార్క్ జిల్లాలో అదొక చిన్న పట్నం. కరువులో చచ్చిన వాళ్లను అక్కడి శ్మశానంలో పేరూ ఊరూ లేకుండా గోతుల్లో పూడ్చారు, 8,000 నుంచి 10,000 మంది ఉంటారని అంచనా. పాట తండ్రీకొడుకుల సంభాషణ. అమెరికాలో పెరిగిన కొడుకు అడుగుతాడు: నాన్నా, ఆ దేశం అంత అందమైనదని ఎప్పుడూ చెబుతావు, మరి ఎందుకు వదిలొచ్చావు? తండ్రి ఒక్కొక్కటే చెబుతాడు. పంటకు తెగులొచ్చింది. శిస్తు కట్టలేకపోయాను. జమీందారు, అతని బంట్లు వచ్చి ఇల్లు కాల్చారు. మీ అమ్మ మంచులో పడి పోయింది. 1848లో తిరగబడ్డ వాళ్లలో చేరాను, నన్ను పట్టుకోడానికి వెతికారు, నిన్ను కోటులో చుట్టుకుని రాత్రికి రాత్రి పారిపోయాను. అంతా విన్న కొడుకు, లెక్క తీర్చే రోజు వస్తే ముందు వరసలో నేనుంటానంటాడు.

ఈ పాట 1880లో బోస్టన్‌లో వచ్చిన ఒక పాటల పుస్తకంలో అచ్చయింది. కరువు ముగిసి దాదాపు ముప్ఫయ్యేళ్లు. ఆ ఏడాది ఎందుకు గుర్తు పెట్టుకోవాలో ముందుకు పోతే తెలుస్తుంది.

రెండోది స్పాన్సిల్ హిల్. క్లేర్ జిల్లాలో ఆ పేరుతో ఒక ఊరు, అక్కడ జూన్ నెలలో పేరుమోసిన సంత. మైకేల్ కాన్సిడైన్ అనే కుర్రాడు 1870 ప్రాంతంలో అమెరికా పోయి కాలిఫోర్నియా చేరాడు. అక్కడ జబ్బుపడి 1873లో, 23 ఏళ్లకే చనిపోయాడు. పోయేముందు ఈ పాట రాసి ఇంటికి పంపాడు. కలలో సొంత ఊరికి వెళతాడు. సంత, చర్చి, ఇరుగుపొరుగు, తను ఇష్టపడ్డ పిల్ల, అన్నీ కనిపిస్తాయి. తెల్లారి కోడి కూస్తుంది. మెలకువొస్తుంది. చూస్తే ఉన్నది కాలిఫోర్నియాలో. ఇందులో జమీందారు లేడు, శాపం లేదు. అసలైన మనుషుల పేర్లు మాత్రం ఉన్నాయి. ఊళ్లో బట్టలు కుట్టేవాడు కూడా ఉన్నాడు. దూరదేశంలో పడి చావబోయేవాడికి ఊళ్లో దర్జీ ముఖం కూడా బంగారమే.

మూడోది కిల్‌కెల్లీ. మేయో జిల్లాలోని ఆ ఊరి నుంచి కొడుకు అమెరికా పోయాడు. తండ్రికి రాయడం రాదు. ఊరి బడిపంతులు చేత ఉత్తరాలు రాయించేవాడు. పంట ఎలా ఉంది, ఎవరు పోయారు, ఎవరికి పెళ్లయింది, నువ్వు పంపిన డబ్బు అందింది, ఒక్కసారి వచ్చి కనపడకూడదా? ఇలా ఏళ్ల తరబడి. చివరి ఉత్తరం తమ్ముడు రాసింది: నాన్న పోయాడు. ఆ ఉత్తరాలు అమెరికాలో ఒక ఇంటి అటక మీద దాదాపు వందేళ్లు పడి ఉన్నాయి. ఆ వంశంలో పుట్టిన పీటర్ జోన్స్ అనే ఆయన వాటిని చూసి పాట కట్టాడు. పాటలో 1860 నుంచి 1892 దాకా ఒక్కో చరణం ఒక్కో ఉత్తరం. ఎన్నడూ ఐర్లండు చూడని మనవలు, మునిమనవలు ఆ పాట వింటూ ఏడుస్తారంటే ఆశ్చర్యం లేదు. మన కూలీ కుటుంబాల్లో అటక మీద ఉత్తరాలుండవు. ఎందుకంటే రాసేవాడు లేడు. నోటి పాటొక్కటే మన అటక.

దొరసాని కన్నీళ్లు

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. వలస మీద ఏడ్చిన ప్రతి పాటా మనది కాదు.

1840లలో వలసదారుడి విలాపం అనే పాట ఒకటి ఇంగ్లండు, ఐర్లండు, అమెరికా దేశాల్లో మారుమోగింది. భార్యను పోగొట్టుకున్న పేదవాడు, ఆమె సమాధి వదిలి ఓడెక్కబోతూ పాడే పాట. రాసింది లేడీ డఫరిన్, అల్‌స్టర్ జమీందారీ ఇంటి కోడలు. ఆమె మంచితనాన్ని నేను శంకించడం లేదు. ఆమె కొడుకు కూడా కాలేజీ కుర్రాడిగా 1847లో స్కిబ్బరీన్ వెళ్లి, చూసిన ఘోరాల మీద పుస్తకం అచ్చు వేశాడు. అయితే ఆ కొడుకే పెద్దయ్యాక ఏమయ్యాడు? జమీందార్ల హక్కుల పక్షాన వాదించాడు. 1884 నుంచి 1888 దాకా మన దేశానికి వైస్రాయిగా వచ్చాడు. 1886 జనవరి 1న ఎగువ బర్మాను బ్రిటిష్ రాజ్యంలో కలిపేసిన లార్డ్ డఫరిన్ ఆయనే. ఆ బర్మాకే, రంగూన్ రేవులోకి, బియ్యం మిల్లుల్లోకి మన విశాఖ, గంజాం, గోదావరి జిల్లాల కూలీలు వేలకు వేలు ఓడలెక్కి వెళ్లారు. తల్లి వలసదారుడి కన్నీళ్లు రాసింది. కొడుకు కొత్త వలసలకు దారి వేశాడు.

ఇంకో పేరు కూడా చెప్పాలి. ఐర్లండు కరువు రోజుల్లో లండన్ ఖజానాలో కూర్చుని సాయం లెక్కలన్నీ చూసిన అధికారి చార్లెస్ ట్రెవెలియన్. ఎక్కువ సాయం చేస్తే పేదలు సోమరులవుతారని, వ్యాపారం జోలికి పోకూడదని ఆయన సిద్ధాంతం. ఆయనే 1859లో మద్రాసు గవర్నరుగా వచ్చాడు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ మద్రాసు కిందే ఉండేవి. ఏడాది తిరిగాక పన్నుల విషయంలో పైవాళ్లతో బహిరంగంగా తగాదా పడితే 1860లో వెనక్కి పిలిచారు.

ఆయన్ని మద్రాసు మరిచిపోయింది. ఐర్లండు మరవలేదు. 1979లో పీట్ సెయింట్ జాన్ అనే ఆయన 'అథెన్రై పొలాలు' అనే పాట కట్టాడు. ఆకలిగొన్న పిల్లల కోసం ధాన్యం దొంగిలించి, ఆస్ట్రేలియాకు ద్వీపాంతర శిక్ష పడ్డ మనిషి కథ. ఆ ధాన్యానికి పాటలో ట్రెవెలియన్ పేరే పెట్టారు. ఇప్పుడు ఐర్లండు జట్టు ఆట ఆడితే స్టేడియంలో వేలమంది లేచి ఆ పాట పాడతారు. లండన్ ఆఫీసులో ఒక గుమస్తా దొర చేసిన పని, నూట డెబ్బై అయిదేళ్లు దాటాక కూడా జనం నోట్లో నానుతోంది. ఏ కోర్టూ వెయ్యని శిక్ష పాట వేసింది.

అమెరికా బజారు కూడా ఈ దుఃఖాన్ని సరుకు చేసుకుంది. ఎన్నడూ ఐర్లండు గడ్డ తొక్కని వాళ్లు పచ్చని కొండల మీద, ముసలి తల్లి మీద, మబ్బుల మీద పాటలు రాసి అమ్మారు. వాటిల్లో తల్లి ఉంటుంది, కొండ ఉంటుంది. జమీందారు ఉండడు, శిస్తు ఉండదు. ఊరు ఎందుకు వదిలావు అని ఎవరూ అడగరు. స్కిబ్బరీన్ పాటలో పిల్లవాడు అడిగిన ప్రశ్న అదే కదా! ఆ ప్రశ్న ఉన్న పాట ఒకటి, లేని పాట ఒకటి. రెండూ కన్నీళ్లు తెప్పిస్తాయి. కానీ ఒకటి విన్నాక మనిషి కళ్లు తుడుచుకుని ఇంటికి పోతాడు, ఇంకొకటి విన్నాక ఎవడ్రా వాడు అని అడుగుతాడు.

కన్నీరు కూటమైతే

మేయో జిల్లాలో మైకేల్ డావిట్ అనే పిల్లవాడు 1846లో పుట్టాడు. నాలుగేళ్లప్పుడు, 1850లో, వాళ్ల కుటుంబాన్ని భూమి నుంచి బేదఖలు చేశారు. ఇంగ్లండు వలస పోయారు. పదకొండేళ్లకు నూలు మిల్లు యంత్రంలో పడి కుడి చెయ్యి పోయింది. ఆ ఒంటి చేతివాడే 1879లో ఐర్లండు భూమి సంఘం స్థాపించినవాళ్లలో ముఖ్యుడు. శిస్తు తగ్గించాలి, బేదఖళ్లు ఆపాలి, దున్నేవాడికి భూమి రావాలి: ఇవీ కోర్కెలు.

1880లో సంఘం నాయకుడు పార్నెల్ అమెరికా అంతా తిరిగి నిధులు వసూలు చేశాడు. పనిమనుషులు, రైలుపట్టాల కూలీలు, రేవు హమాలీలు తమ కూలిలోంచి డాలర్లు తీసిచ్చారు. స్కిబ్బరీన్ పాట బోస్టన్‌లో అచ్చయింది సరిగ్గా ఆ ఏడే. పాట వల్లనే డబ్బు వచ్చిందని నేననడం లేదు. మా నాన్న ఇల్లు ఎవరు కాల్చారో తెలిసిన కొడుకులు అమెరికాలో ఉన్నారు గనక, అడిగేవాడు వెళ్లినప్పుడు చెయ్యి జేబులోకి పోయింది. ముప్ఫయ్యేళ్లు ఆ జ్ఞాపకాన్ని చావనివ్వని వాటిల్లో పాటలున్నాయి.

అదే ఏడాది మేయోలో ఒక ఏజెంటు బేదఖళ్లకు దిగితే జనం అతన్ని కొట్టలేదు, తిట్టలేదు. అతని పొలంలో కోతకు ఎవరూ పోలేదు. కొట్టువాడు సరుకు అమ్మలేదు, చాకలి గుడ్డ ముట్టలేదు. చివరికి అల్‌స్టర్ నుంచి 50 మంది కూలీల్ని తెచ్చి, వందల మంది సైనికుల కాపలాతో పంట కోయించారు. సుమారు 500 పౌండ్ల పంటకు 10,000 పౌండ్ల ఖర్చయిందని చెబుతారు. ఆ ఏజెంటు పేరు కెప్టెన్ బాయ్‌కాట్. ఈ రోజు మనం నోరు తిరగకపోయినా వాడే మాట అక్కడ పుట్టింది, కోతకు పోని కూలీల చేతుల్లోంచి. మన ఊళ్లల్లో పెత్తందార్లు అదే ఆయుధాన్ని తిప్పి దళితవాడల మీద సాంఘిక బహిష్కరణగా వాడుతున్నారు. దాని పుట్టుక మన వైపుదని మరవకూడదు.

అయితే మెట్లెక్కి కూర్చున్నది ఎవరు? 1903 చట్టం తర్వాత కౌలుదార్లు భూమి యజమానులయ్యారు. కూలివాడికి దక్కింది 1883 నాటి చట్టం కింద ఒక చిన్న ఇల్లు, అరెకరం పెరడు. అదీ అందరికీ కాదు. మిగిలినవాళ్లకు ఓడే గతి. అకిల్ దీవి నుంచి కూలీలు ఏటా స్కాట్లండుకు దుంపలు తవ్వడానికి వలసపోయేవారు. 1894లో అలా బయల్దేరిన పడవ బోల్తాపడి 32 మంది మునిగిపోయారు. అప్పుడే వేసిన రైలుదారి మీద నడిచిన మొట్టమొదటి బండి వాళ్ల శవాల్ని ఇంటికి తెచ్చింది. 1937లో స్కాట్లండులో కిర్కింటిలోక్ అనే చోట, కూలీలు పడుకునే కొట్టంలో నిప్పంటుకుంటే తలుపు గడియ వేసి ఉంది. అకిల్ కుర్రాళ్లు పదిమంది కాలిపోయారు. వాళ్ల శవాలూ ఆ రైలుదారి మీదే వచ్చాయి. దొర పోయాడు, దేశం స్వతంత్రమయింది. దుంప తవ్వే కూలివాడి బతుకు మారలేదు.

పాట విన్నవాడు

ఈ పాటల్ని విన్నవాళ్లందరిలో నాకు మరపురాని మనిషి ఒకడున్నాడు. ఫ్రెడరిక్ డగ్లస్ అనే నల్లజాతి మనిషి. బానిసత్వం నుంచి పారిపోయి, 1845లో ఐర్లండు వెళ్లి సభల్లో మాట్లాడాడు. సరిగ్గా తెగులు మొదలైన కాలం. తర్వాత తన జీవితకథలో రాశాడు: తోటల్లో బానిసలు పాడే ఏడుపు రాగాలు మళ్లీ తన చెవిన పడింది ఒక్క ఐర్లండులోనే అని. మా మామ్మ భాష తెలియకుండా పట్టుకున్నదీ అదే.

కానీ రాగం ఒక్కటైనంత మాత్రాన మనుషులు ఒక్కటైపోరు. 1863 జులైలో, సైన్యంలో నిర్బంధంగా చేర్చుకోవడం మీద న్యూయార్కులో పేదలు తిరగబడ్డారు. 300 డాలర్లు కట్టగలిగిన ధనికుడికి మినహాయింపు ఉంది గనక కోపం న్యాయమే. ఆ కోపం ధనికుడి మీద నిలవకుండా నల్లవాళ్ల మీదికి మళ్లింది. నల్లపిల్లల అనాథాశ్రమం తగలబెట్టారు. ఆ గుంపుల్లో ఐరిష్ కూలీలు చాలామంది. తమ ఇల్లు కాల్చినవాడి మీద పాడుకున్నవాళ్లే ఇంకొకడి ఇల్లు కాల్చారు. వలసపోయిన చోట మన కూలీకి, బీహారు కూలీకి మధ్య మేస్త్రీ ఎలా తగువు పెడతాడో చూసినవాళ్లం గనక, దీన్ని దాచకుండా చెప్పుకోవాలి.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. 1847లో అమెరికాలో చోక్టా అనే ఆదివాసీ తెగ ఐర్లండు ఆకలి సంగతి విని, తమ పేదరికంలోంచి 170 డాలర్లు పోగేసి పంపింది. అప్పటికి పదహారేళ్ల కిందటే వాళ్లను సొంత నేల నుంచి తరిమేస్తే, దారి పొడుగునా వేలమంది చచ్చారు. 2020లో కరోనా రోజుల్లో నవాహో, హోపీ ఆదివాసులు ఇబ్బందుల్లో పడితే, ఐర్లండు జనం ఆ పాత సాయం గుర్తుచేసుకుని చందాలు పంపారు. నూట డెబ్బై ఏళ్ల తర్వాత! జ్ఞాపకం ఇలా కూడా పనిచేస్తుంది.

చివరికి చెప్పేదేమంటే, మిత్రులారా, మన దగ్గరా ఇలాంటి పాటలున్నాయి. రంగం పాటలున్నాయి, బొంబాయి పాటలున్నాయి, గల్ఫు పాటలున్నాయి. ముసలమ్మల నోళ్లలో సగం సగం మిగిలి ఉన్నాయి. ఐర్లండులో 1935లో సర్కారే జానపద సంఘం పెట్టింది. 1937లో బడిపిల్లల్ని పంపి ఇంటింటి పెద్దలు చెప్పిన కథలు, పాటలు నోటుపుస్తకాల్లోకి ఎక్కించింది. 1945లో కరువు జ్ఞాపకాల కోసం ప్రత్యేకంగా ప్రశ్నలు పంపి జవాబులు తెప్పించింది. మనకు సర్కారు చెయ్యదు. గ్రామశాఖలు చెయ్యొచ్చు. సభ్యత్వం పుస్తకం పట్టుకుని ఎలాగూ ప్రతి గడపా ఎక్కుతాం. ఇంకో పుస్తకం కూడా పట్టుకుపోదాం. పాట రాసుకుందాం. పాటతో బాటు ఏ ఏడు పోయారు, ఎవరి అప్పుకు పోయారు, ఏ మేస్త్రీ తీసుకుపోయాడు, ఎంత కూలి ఎగ్గొట్టాడు, ఎవరు తిరిగిరాలేదు, ఇవన్నీ పక్కనే రాసుకుందాం.

మొన్న మళ్లీ ఆ ఊరు వెళ్లాను. మామ్మ దగ్గర కూర్చుని రంగం పాట అడిగాను. మూడు చరణాలు చెప్పింది, నాలుగోది నోటికి రాలేదు. "మా మేనత్త కూతురికి తెలుసు బాబూ, పార్వతీపురం అవతల ఉంటాది. బతికుందో లేదో" అంది. వచ్చేవారం అక్కడికి పోతున్నాను.